రెండు మార్కుల సంజీవని

అవతారిక

అలమేలుమంగాపురమని పెద్దలూ, తిరుచానూరని బస్సు బోర్డులూ పిలిచే ఊళ్ళో, పద్మసరోవరానికి కూతవేటు దూరాన పదో తరగతి చదివే ఒక విద్యార్థి ఇంగ్లీషు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం అతని సొంతం కాదు. అతనికి ట్యూషన్ సారు చెప్పారు. సారుకు గైడు చెప్పింది. గైడుకు ఎవరు చెప్పారని ఆరా తీస్తే ఇంకో గైడు తేలింది. ఆదీ కర్తా తెలియకుండా గురుముఖతః వస్తూ, స్వరం కూడా తప్పకుండా వల్లెవేయబడే వాక్యాలకు మన సంప్రదాయంలో ఎంత గౌరవముందో చదువరులకు చెప్పక్కర్లేదు. అంతటి వాక్యానికి ఇంతవరకు టీక లేకపోవడం లోటు గనుక ఈ పూనిక.

వ్యాఖ్యాతలలో మాకు ఆరాధ్యుడు కోలాచల మల్లినాథసూరి. మెదకు సీమలోని కొల్చారం వాడు. రఘువంశ కుమారసంభవ మేఘసందేశాలకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. మా మూలంలో ఉన్నది బహు స్వల్పం. ఆ నియమాలు పాటిస్తే ఈ వ్యాఖ్య రెండు పంక్తులకు ముగుస్తుంది. కనుక మొదటి నియమాన్ని సడలించి, రెండోదాన్ని పూర్తిగా వదిలేశాము.

ప్రశ్న సందర్భం ఇది. కార్ల్ శాండ్‌బర్గ్ అనే అమెరికా కవి 1916లో ‘చికాగో పోయెమ్స్’ అనే సంపుటిలో వేసిన ‘ఫాగ్’ అనే పద్యం ఎన్సీఈఆర్టీ వారి పదో తరగతి పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో ఉంది. ఆరే పొట్టి పంక్తులు. అందులో పొగమంచు పిల్లి అయింది. ఇందులో కవి వాడిన అలంకారమేది, దానివల్ల ప్రయోజనమేమి అని ప్రశ్నపత్రం అడిగింది. విద్యార్థి ఇలా సెలవిచ్చాడు.

మూలము

ద పోయెట్ యూజెస్ మెటఫర్ టు గ్రాబ్ ద రీడర్స్ అటెన్షన్ అండ్ మేక్స్ ద పోయెమ్ మోర్ ఇంట్రెస్టింగ్.

పాఠాంతరములు

తిరుపతి ప్రతులలో ‘గ్రాబ్’ స్థానంలో ‘హుక్’ అని ఉంది. హాస్టలు ప్రతులలో ‘క్రియేట్స్ ఎ వివిడ్ ఇమేజ్ ఇన్ ద మైండ్ ఆఫ్ ద రీడర్’ అని చివర ఒక ఖండిక ఎక్కువ; ఇది ఫీజు కట్టినవారికి మాత్రమే లభించే పాఠం. చివరి బెంచి ప్రతిలో ‘మెటఫర్’ అని రాసి, కొట్టేసి, ‘సిమిలీ’ అని రాసి, దాన్నీ కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో మళ్ళీ ‘మెటఫర్’ అని ఉంది. ‘టు గ్రాబ్’ తరువాత ‘మేక్స్’ అనడం అపపాఠమనీ ‘మేక్’ అని ఉండాలనీ వైయాకరణులు గొడవ చేస్తారు. అన్ని ప్రతులలోనూ ఇలాగే ఉంది కనుక మేము దీన్ని ఆర్షప్రయోగంగా స్వీకరించాము.

ప్రతిపదార్థము

ద = ఆ ప్రసిద్ధుడైన;
పోయెట్ = కవి, పేరు గుర్తు లేనప్పుడు ఇదే శరణ్యము;
యూజెస్ = ఉపయోగించుచున్నాడు;
మెటఫర్ = రూపకమును, లేక పక్కవాడు రాసినదానిని;
టు గ్రాబ్ = లాగికొనుటకు;
ద రీడర్స్ = చదువరి యొక్క, అనగా పేపరు దిద్దువారి యొక్క;
అటెన్షన్ = ధ్యాసను;
అండ్ = మరియు, ఇది మొదటి మార్కు దాటి రెండో మార్కులో అడుగుపెట్టినామని తెలుపు అవ్యయము;
మేక్స్ = చేయుచున్నాడు;
ద పోయెమ్ = ఆ పద్యమును;
మోర్ ఇంట్రెస్టింగ్ = మరింత ఆసక్తికరముగా, దేనికంటె మరింత యనునది అధ్యాహార్యము.

తాత్పర్యము

కవి మన ధ్యాస లాక్కోవాలని ఏదో చేశాడు. చేసినదాని పేరు మెటఫర్. లాక్కునే ఉంటాడు.

వ్యాకరణ విశేషము

శాండ్‌బర్గ్ 1967లో కాలం చేశాడు. అయినా మన వాక్యంలో ‘ఉపయోగించుచున్నాడు’. ఇది ఇంగ్లీషు క్లాసు నియమం. కవులందరూ జవాబుపత్రంలో చిరంజీవులు. దీన్ని చూసి నవ్వనక్కర్లేదు. మన టీకల్లోనూ పెద్దన పోయి అయిదు వందల ఏళ్ళవుతున్నా ‘కవి చెప్పుచున్నాడు’ అనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో వావిళ్ళవారి ప్రతులకూ ట్యూషన్ నోట్సుకూ పూర్తి ఏకాభిప్రాయం.

ఆక్షేపము

ఇంగ్లీషు పద్యానికి తెలుగు పద్ధతిలో టీక ఏమిటి, ఆ రెంటికీ లంకె ఎక్కడ అని ఒకరు అడగవచ్చు. లంకె పక్క జిల్లాలోనే ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తెలుగు కావ్యాలు చదవబోయి, పండితులు తప్ప అన్యులకు అవి కొరుకుడు పడవని గ్రహించి, జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులకు జీతాలిచ్చి మనుచరిత్ర వంటి కావ్యాలకు టీకలు రాయించాడు. తెలుగు పద్యం ముందు తెల్లబోయి నిలబడిన ఇంగ్లీషు దొరను గట్టెక్కించింది టీక. అప్పటి ఆ సాయం ఇప్పుడు మన పిల్లవాడికి ఇంగ్లీషు పద్యం దగ్గర చేయనంటే అది పక్షపాతమవుతుంది.

దోష నిరూపణము

తార్కికులు లక్షణానికి మూడు దోషాలు చెప్పారు. మన తెలుగువాడే అయిన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో ఆవును పెట్టి వీటిని వివరించాడు. కపిల వర్ణం ఉన్నది ఆవు అంటే తక్కిన రంగుల ఆవులు బయటపడిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా లోపలికొస్తుంది, అది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట ఉన్నది ఆవు అంటే ఆవన్నదే మిగలదు, అది అసంభవం.

మన వాక్యాన్ని ఈ రాతి మీద గీసి చూద్దాం. ‘మెటఫర్’ తీసి ‘ఎలిటరేషన్’ పెట్టండి, వాక్యానికి ఏమీ కాలేదు. ‘పర్సానిఫికేషన్’ పెట్టండి, ఏమీ కాలేదు. శాండ్‌బర్గ్‌ను తప్పించి రాబర్ట్ ఫ్రాస్ట్‌ను కూర్చోబెట్టండి. పొగమంచు పోయి నిప్పూ మంచూ వస్తాయి, వాక్యం మాత్రం చెక్కుచెదరదు. కవిని కూడా తీసేసి, తిరుచానూరులో హోటలు ముందు నిలబడి ‘రండి సార్ రండి, టిఫినుంది, మీల్సుంది, రండి’ అని చప్పట్లు కొట్టే కుర్రవాణ్ణి పెట్టండి. వాక్యం అప్పుడు ఇంకా బాగా అతుకుతుంది. నిజం చెప్పాలంటే ధ్యాస లాక్కోవడమనే పని కోసం ఒకే మాటను తిప్పి తిప్పి వాడేది ఆ కుర్రవాడే. ఎందుకు మూడుసార్లు రమ్మంటావని అడిగితే జవాబు కూడా చెప్పగలడు: మొదటి కేకకు తలతిప్పుతారు, రెండో కేకకు నిలబడతారు, మూడోదానికి చెప్పులు విప్పుతారు.

ఇది అతివ్యాప్తి. కొమ్ములున్నవన్నీ దొడ్లోకి వచ్చేశాయి.

దీనికి ట్యూషన్ మతస్థుల సమాధానం బలమైనది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. లోకంలో దోషమైనది పరీక్షలో గుణం అంటారు వారు. పద్యానికి ఒక్కొక్క జవాబు నేర్చుకుంటే ఎన్ని నేర్చుకోవాలి? అన్నిటికీ సరిపోయే ఒక్కటి నేర్చుకుంటే చాలదా? పైగా ఈ తడబాటు తిరుచానూరుకు ప్రత్యేకం కూడా కాదు. ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో తన విద్యార్థులకు కవుల పేర్లు చెరిపేసి పద్యాలు పంచి, ఏమనిపించిందో రాయమన్నాడు. వచ్చిన రాతలతో 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ అనే పుస్తకం వేశాడు. ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టినవాళ్ళు, కేంబ్రిడ్జిలో సీటు దొరికినవాళ్ళు, పద్యం పక్కనపెట్టి తమ జేబులో ముందే సిద్ధంగా ఉన్న మాటలు తీసి రాశారు. అలాంటి నిల్వ సరుకుకు ఆయన ఒక ప్రత్యేకమైన పేరే పెట్టాల్సి వచ్చింది. వారి నిల్వ సరుకు కొంచెం నాణ్యమైన గుడ్డ కావచ్చు. మనది గైడు గుడ్డ.

పక్క గది విచారము

ఇక అసలు విచారానికి వస్తున్నాము. ఇంగ్లీషు పీరియడ్‌కు ముందు, గోడకు అవతల గదిలో తెలుగు పీరియడ్ జరుగుతుంది. అక్కడ ఇదే విద్యార్థి చేత అయ్యవారు ఉపమాలంకారం వల్లెవేయిస్తారు. ఉపమకు నాలుగు అంగాలు. ఉపమేయం, అంటే దేన్ని పోలుస్తున్నామో అది. ఉపమానం, అంటే దేనితో పోలుస్తున్నామో అది. ఉపమావాచకం, వలె, లాగా, పోలె మొదలైనవి. నాలుగోది సమానధర్మం, రెంటికీ కలిసేది ఏమిటో అది. అలంకారం పేరు రాసి ఊరుకుంటే అయ్యవారు ఒప్పుకోరు. లక్షణం రాసి, ఇచ్చిన వాక్యానికి సమన్వయం చెయ్యాలి. సమన్వయంలో నాలుగు అంగాలనూ వేలు పెట్టి చూపించాలి.

ఇంగ్లీషు ప్రశ్నపత్రం అడిగిన ‘ప్రయోజనమేమి’ అనేది ఈ సమానధర్మం తలుపు దగ్గరే మొదలవుతుంది. పొగమంచుకూ పిల్లికీ కలిసింది ఏమిటో చెప్పగలిగితే, కవి పిల్లినే ఎందుకు ఎంచుకున్నాడో చెప్పడం ఒక్క అడుగు దూరం. ఆ పనిముట్టు మన విద్యార్థి సంచిలో తెలుగు నోట్సు రూపంలో ఉంది. గంట కొట్టగానే ఆ నోట్సు లోపలికీ ఇంగ్లీషు నోట్సు బయటికీ వస్తాయి. రెండూ ఒకే సంచిలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇంటికి పోతాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఇంగ్లీషు సారు తెలుగు అయ్యవారితో స్టాఫ్ రూములో పీఆర్సీ గురించి, పిల్లల అల్లరి గురించి మాట్లాడతారు. ఉపమ గురించి మాట్లాడిన దాఖలా లేదు.

విశేషమేమిటంటే ఇంగ్లీషులో ఈ అంగాలకు స్థిరమైన పేర్లే లేవని అదే రిచర్డ్స్ 1936లో ‘ద ఫిలాసఫీ ఆఫ్ రెటరిక్’ అనే ప్రసంగాల పుస్తకంలో ఫిర్యాదు చేశాడు. మెటఫర్‌లో రెండు సగాలున్నాయి, దేన్ని ఏమని పిలవాలో తెలియక అందరూ గందరగోళపడుతున్నారని చెప్పి, తానే టెనర్, వెహికల్ అని పేర్లు పెట్టాడు. కేంబ్రిడ్జి ఆచార్యుడికి 1936 దాకా దొరకని విభజన తిరుచానూరు అబ్బాయికి హైస్కూల్లోనే దొరికింది. దాన్ని అతను రెండో గదికి తీసుకుపోలేదు, తీసుకుపొమ్మని ఎవరూ చెప్పలేదు.

చరిత్ర విశేషము

ప్రకృతానికి కొంచెం దూరమైనా ఒక మాట ఇక్కడే చెప్పాలి. 1586 నుంచి 1614 దాకా విజయనగర సింహాసనం మీద ఉన్న వేంకటపతిరాయలు పెనుకొండ నుంచి రాజధానిని చంద్రగిరికి మార్చాడు. చంద్రగిరి అంటే మనకు తిరుపతి మీదుగా బస్సు దూరం. అప్పయ్య దీక్షితులు కువలయానందమనే అలంకార గ్రంథాన్ని వేంకటపతి ఆజ్ఞ మీద చేశానని గ్రంథాంతంలో చెప్పుకున్నాడు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. దీక్షితుల నాటికి అవి పెరిగి నూరు దాటాయి. మన విద్యార్థి ఇంగ్లీషు పుస్తకం వెనక ఉన్న జాబితా చూసి బెంబేలు పడేముందు ఈ సంగతి తెలుసుకుంటే కొంత ఊరట.

సరిగ్గా ఆ కాలంలోనే, 1589లో, లండన్‌లో జార్జ్ పుట్టెన్‌హామ్‌దని చెప్పే అలంకార గ్రంథం ఒకటి అచ్చయింది. గ్రీకు పేర్లు తన దేశస్థుల నోటికి తిరగవని ఆయన ఒక్కొక్క అలంకారానికి ఇంగ్లీషులో ముద్దుపేరు పెట్టుకుంటూ పోయాడు. అతిశయోక్తికి ఆయన పెట్టిన పేర్లలో ఒకదానికి అర్థం గొంతెత్తి అబద్ధమాడేవాడు. ఇంగ్లీషువాళ్ళకు కూడా ఈ పేర్లు ఒకప్పుడు పరాయివే, వాళ్ళూ బట్టీపట్టినవాళ్ళే అని గుర్తుంచుకోవాలి.

మరో యాభై ఏళ్ళకు, 1639లో, మద్రాసు తీరాన కోట కట్టుకోవడానికి ఇంగ్లీషు కంపెనీకి అనుమతి ఇచ్చిన దామర్ల నాయకుడు చంద్రగిరి రాజుకు సామంతుడు. అంటే ఈ అబ్బాయిని పీడిస్తున్న అలంకారశాస్త్రమూ ఇంగ్లీషూ రెండూ ఒకే రాజవంశం నీడన ఈ సీమకు దగ్గరయ్యాయి. చంద్రగిరి కోటకు విహారయాత్రకు తీసుకుపోయినప్పుడు పిల్లలకు రాజమహలు అంతస్తులు చూపిస్తారు గానీ ఈ సంగతి చెప్పరు.

దృష్టాంతములు

పిల్లవాడికి అలంకారం పట్టుబడదేమో అనే శంక వద్దు. పొద్దున ఏడు దాటినా అతను మంచం దిగకపోతే తల్లి వంటింట్లోంచి అంటుంది: ‘అబ్బబ్బ, దొరగారు ఇంకా పండుకోనుండారా? కాఫీ ఆడికే తెమ్మంటారా సామీ?’ అతను దుప్పటి తన్ని లేస్తాడు. ఆ క్షణంలో అతను చేసిన పని ఎంతటిదో చూడండి. దొర అన్న మాటకు దొర అని అర్థం తీసుకోలేదు. గౌరవవాచకం వెనక కోపాన్ని పట్టుకున్నాడు. ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదని గ్రహించాడు. వక్త ఉద్దేశమూ, శ్రోత మీద ఫలితమూ మూడు సెకన్లలో తేల్చుకుని అమలు కూడా చేశాడు. పొగడ్త ముసుగులో తిట్టు కనుక దీన్ని మనవాళ్ళు వ్యాజస్తుతి అంటారు, ఇంగ్లీషు సారు ఐరనీ అంటారు. ఇదే పిల్లవాడు పరీక్షలో ఐరనీ ప్రశ్నకు ‘టు గ్రాబ్ ద అటెన్షన్’ అని రాస్తాడు. వాళ్ళమ్మ కోరింది అతని ధ్యాస అని ఒప్పుకుంటే, అంతవరకూ అది నిజమే.

ఈ సీమ మాటల్లో ఇవి ఎక్కడ చూసినా దొర్లుతుంటాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ రాసినప్పుడు అలంకారాల కోసం ఎక్కడికీ వెదుక్కుంటూ పోలేదు. అమ్మ నోరు తెరిస్తే అవే వచ్చాయి. బ్రహ్మోత్సవం రోజు తిరుచానూరులో ఎవరినడిగినా ‘ఇసకేస్తే రాలనంత జనం’ అంటారు, ఇసుక వేసి చూసినవాడు లేడు. ‘ఏడికి పోతాండారు’ అంటే ‘కొండకి’ అంటారు. కొండ అంటే రాయీ చెట్టూ అని ఎవరూ అనుకోరు, స్వామి అని అనుకుంటారు. ఆధారాన్ని చెప్పి ఆధేయాన్ని తోపించడం లక్షణావృత్తి, ఇంగ్లీషులో మెటానిమీ. కండక్టరు నుంచి కలెక్టరు దాకా అందరూ రోజూ వాడేదే.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఏటా కార్తికంలో ఈ వీధుల్లోంచే పోతుంది. పంచమి తీర్థం నాడు కొండ మీద నుంచి అమ్మవారికి సారె వస్తుంది. పట్టుచీర, పసుపు, కుంకుమ, పూలు. అలిపిరి దాటి, తిరుపతి వీధులు దాటి, ఏనుగుతో, మేళతాళాలతో తిరుచానూరు చేరుతుంది. పుట్టినరోజున భార్యకు భర్త పంపే కానుక. ఈ కుటుంబ కథ అక్కడితో ఆగదు. స్వామి పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, ఇంకా వడ్డీ కడుతున్నాడు, అందుకే వడ్డికాసులవాడు. వచ్చిన సొమ్ము కొలిచి కొలిచి అలసిపోయిన అన్న గోవిందరాజస్వామి తిరుపతిలో కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడు. అప్పు, వడ్డీ, కొలత, అలసట, సారె. ఒక్క సంసారం పెట్టి అన్నిటినీ దానికి ముడివేస్తూ పోవడాన్ని ఇంగ్లీషు క్లాసు ఎక్స్‌టెండెడ్ మెటఫర్ అంటుంది. భక్తులకు ఇది అలంకారం కాదు, జరిగిన సంగతి. అందుకే ఇంత బలం. నమ్మేవాడి దగ్గర రూపకానికీ నిజానికీ మధ్య గోడ ఉండదు. తాళ్ళపాక అన్నమయ్య ఆ గోడ లేనిచోట నిలబడి జీవితమంతా అలమేలుమంగను పాడాడు, పాటకు లక్షణమేమిటో చెబుతూ సంస్కృతంలో ఒక శాస్త్రగ్రంథం కూడా రాశాడు. దాన్ని మనవడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేశాడు. పాడినవాడే లక్షణం కూడా రాసిన సీమ ఇది. ఈ ఊళ్ళో సారె ఊరేగింపు రోజు బడికి సెలవు, మరుసటి రోజు క్లాసులో ఎక్స్‌టెండెడ్ మెటఫర్‌కు ఉదాహరణ షేక్‌స్పియర్ నుంచి.

సిద్ధాంతము

ఇక పిల్లి సంగతి. ముందు దీని కులగోత్రాలు తేల్చాలి. పద్యంలో పొగమంచే పిల్లి అని కవి ఎక్కడా సూటిగా చెప్పలేదు. పాదాల దగ్గర మాత్రం పిల్లిని పేరెత్తాడు, తరువాత కూర్చున్న భంగిమ చెప్పాడు. అవయవం ఒకటి కంఠోక్తిగా చెప్పి మొత్తాన్ని తోపింపజేస్తే మనవారి లెక్కలో అది ఏకదేశవివర్తి రూపకం. కాదు సమాసోక్తి అని లేచేవారుంటారు. సమాసోక్తిలో అప్రస్తుతాన్ని పేరెత్తకూడదు. ఇక్కడ పిల్లిని పేరెత్తాడు కనుక ఆ వాదం నిలవదు. సిమిలీ అన్న చివరి బెంచివారి పాఠం అసలే నిలవదు, ‘లైక్’ గానీ ‘యాజ్’ గానీ లేవు. అన్ని వాదాలూ ఓడాక నిలబడింది విద్యార్థి రాసిన మెటఫరే. మొదటి మార్కు న్యాయంగా అతనిదే.

రెండో మార్కుకు సమానధర్మం కావాలి. తెలుపు అంటారా, పిల్లులన్నీ తెల్లగా ఉండవు. మెత్తదనం అంటారా, కొంత నిజం. చప్పుడు లేకపోవడం అంటారా, నిజమే, కవి దాన్ని దాచలేదు కూడా. అయితే చప్పుడు చేయనివి ఇంకా ఉన్నాయి. పాము ఉంది, గుడ్లగూబ ఉంది, పరీక్ష హాల్లో వెనకనుంచి వచ్చే ఇన్విజిలేటరున్నాడు. పాము అని ఉంటే పొగమంచును చూసి భయం పుట్టేది. కుక్క అని ఉంటే అది ఎవరికోసమో వచ్చినట్టుండేది. కుక్క పిలిస్తే ఆగుతుంది, పోతూ పోతూ వెనక్కి చూస్తుంది. పిల్లి పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. గోడ మీద కూర్చుని ఊరంతా తన కళ్ళముందే కట్టించినట్టు చూస్తుంది. ఏం చూసిందో ఎవరికీ చెప్పదు. దాని పొద్దు దానికయ్యాక లేచి పోతుంది.

ఓడరేవులో ఎన్ని ఓడలాగాయో, చికాగోలో ఎవరికి పని ఆలస్యమైందో పొగమంచుకు పట్టదు. మనమీద ప్రేమా లేదు, కోపమూ లేదు. ఈ ముక్కను ప్రకృతికి మనిషి గురించి పట్టింపు లేదు అని రాస్తే అది సోషల్ పాఠంలో వాక్యం. శాండ్‌బర్గ్ పట్టింపు అన్న మాట ఎత్తకుండా పిల్లిని కూర్చోబెట్టి తాను తప్పుకున్నాడు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు మాట చెప్పిన అర్థం కాక మాట విడిచిపెట్టి పోయిన అర్థం ఒకటుందని వాదించి దానికి ధ్వని అని పేరు పెట్టాడు. ఆ వాదం మీద ఇప్పటికీ పరిశోధనలు జరిగే సంస్కృత విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. తిరుచానూరు నుంచి షేర్ ఆటోలో పోవచ్చు.

మన విద్యార్థి ఓడరేవు చూసి ఉండకపోవచ్చు. ధనుర్మాసంలో, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే తెల్లవారుజామున, ఇంటివాళ్ళతో లైన్లో నిలబడి పొగమంచును చూసే ఉంటాడు. గోపురం ఉన్నట్టుండి లేకుండా పోవడం, కాసేపటికి ఎవరూ చెప్పకుండానే మళ్ళీ ఉండడం చూసే ఉంటాడు. ‘మంచు మనకోసం రాలేదు, మన మాట వినదు, పిల్లి మాదిరి’ అని అతను తెలుగులో అనుకుని, ఆ అనుకున్నదాన్ని వచ్చిన ఇంగ్లీషులో, తప్పో ఒప్పో, రాసి ఉంటే అది రెండో మార్కు. ‘ద ఫాగ్ ఈజ్ నాట్ కమింగ్ ఫర్ అజ్, లైక్ క్యాట్ ఇట్ విల్ నాట్ లిజన్’ అని రాసినా చాలు. దాని వ్యాకరణం మూలవాక్యం కంటే ఘోరం. కానీ ఈ వాక్యంలో పిల్లిని తీసి కుక్కను పెడితే కూలిపోతుంది, పద్యాన్ని తీసి ఇంకో పద్యం పెడితే కూలిపోతుంది. అన్నంభట్టు కోరింది కూడా ఇదే: ఆవు బయటికి పోకూడదు, గేదె లోపలికి రాకూడదు.

మల్లినాథుడు ఒక శ్లోకానికి వ్యాఖ్య చేస్తే ముందు అన్వయం కుదురుస్తాడు, పదాల అర్థం చెబుతాడు, వ్యాకరణం చూసుకుంటాడు, భావం తేలుస్తాడు. ఈ అలంకారం ఫలానా అని సాధారణంగా చిట్టచివర ఒక పొడిమాటలో అంటాడు, ఇంటికి తాళం వేసి పోయేవాడిలా. మన క్లాసులో ముందే తాళం వేసి పిల్లవాణ్ణి లోపల ఏముందో చెప్పమంటున్నారు. సారును మాత్రం తప్పు పట్టడానికి మాకు మనసొప్పదు. నలభై నిమిషాల పీరియడ్, అందులో హాజరు, హోంవర్కు, యూనిట్ టెస్టు తేదీ పోను మిగిలిన సమయంలో పిల్లి దాకా పోవడం కష్టమే. పైగా పిల్లికి మార్కుల కీలో చోటు లేదు.

ఫలశ్రుతి

మూలవాక్యాన్ని యథాతథంగా, చక్కటి దస్తూరీతో, ‘మెటఫర్’ కింద స్కేలుతో గీత గీసి రాసినవారికి రెంటికి ఒకటిన్నర సిద్ధిస్తుంది. కింద గీత లేనివారికి ఒకటి. ‘మెటఫర్’ స్పెల్లింగులో ‘పి.హెచ్.’ బదులు ‘ఎఫ్’ రాసినవారి గతి దిద్దేవారి మూడ్ మీద ఆధారపడి ఉంటుంది. పిల్లి ఎందుకో కుక్క కాదెందుకో రాసినవారికి దిద్దేవారు కీ వెతికి, దొరకక, పక్క టేబులు వారిని అడిగి, వారూ కీ వెతికి, చివరకు ఇద్దరూ పద్యం మళ్ళీ ఒకసారి చదవాల్సి వస్తుంది. ఎంత వేస్తారో శాస్త్రాలు చెప్పలేదు.

గద్య

ఇది శ్రీమదలమేలుమంగాపుర వాస్తవ్య, ట్యూషన్ ఫీజు బకాయిదారైన తండ్రి విరచితమైన రెండు మార్కుల సంజీవని యందు మెటఫరాధికారము. దీని తరువాత సిమిలీ అధికారము. అది హాఫియర్లీ పరీక్షల టైంటేబులు వచ్చిన పిమ్మట ఆరంభింపబడును.